ధారపోసిన తోట

"దానం చేసేవారిని గౌరవించండి. దానం చేయించేవారిని మాత్రం అనుమానించండి."

అమలాపురంలో ఒక బట్టల కొట్టు పై అంతస్తులో శిక్షణ ప్రారంభమైన రోజున రాజేంద్ర గారు పలికిన తొలి మాట ఇది. బ్యాంకులో పెద్ద పదవి నిర్వహించి రిటైరైన మనిషి ఆయన. ఎదుట కూర్చున్నవారు బీమా ఏజెంట్లు, ఆడిటర్ల దగ్గర పనిచేసేవారు, దస్తావేజు లేఖరులు. తమ ఆస్తిలో కొంత ధర్మకార్యానికి విడిచిపెట్టదలచినవారికి సలహా చెప్పగలిగేలా వీరిని తీర్చిదిద్దడం ఆ శిక్షణ ఉద్దేశం. ఎంత ఇవ్వవచ్చు, ఇచ్చిన తరువాత తన బతుకుకు ఏమి మిగుల్చుకోవాలి, పుచ్చుకునేవారు ఎటువంటివారు, కాగితం ఏ రీతిన ఉండాలి అన్నవి పాఠాలు.

వెనుక బెంచీలోంచి బీమా ఏజెంటు సూరిబాబు లేచాడు. "అనుమానించడం మా ఆవిడ దగ్గర ఎప్పుడో నేర్చేసుకున్నానండి. మళ్ళీ ఫీజెందుకండి?"

అందరూ నవ్వారు. రాజేంద్ర గారు నవ్వలేదు. "మీ ఆవిడ మిమ్మల్ని ఎప్పుడు అడుగుతారండీ?"

"ఇంట్లో అడుగెట్టగానేనండి. ఎక్కడికెళ్ళేరూ అని."

"మర్నాడు పొద్దున్న మళ్ళీ అడుగుతారా?"

"ఆయ్. అప్పుడే దొరికిపోతానండి. రాత్రి చెప్పింది పొద్దున్నకి గుర్తుండదు కదండి."

"ఆవిడే వచ్చి ఈ పాఠం చెబితే బాగుండేది," అన్నారు రాజేంద్ర గారు. తరువాత తమ పద్ధతిని వివరించారు. దాతను ఒంటరిగా కలుసుకోవాలి. ఈ దానం మీకు ఇష్టమేనా అని అడగాలి. కొన్నాళ్ళు ఆగి, మళ్ళీ వెళ్ళి, అదే ప్రశ్న వేయాలి. రెండవసారి మాట మారినా, నోరు మూతపడినా, వెనుక ఎవరిదో ఒత్తిడి ఉందని భావించి కాగితాలు ఆపివేయాలి.

శిరీష ఆ మాటలను శ్రద్ధగా విన్నది. అమలాపురంలోనే ఒక ఆడిటరు గారి కార్యాలయంలో ఆమె ఉద్యోగం. శిక్షణ ముగిసేలోగా ఒక్క నిజమైన దానాన్నైనా ఆరంభం నుంచి రిజిస్ట్రేషను దాకా నడిపినవారికే యోగ్యతాపత్రం ఇస్తామని నియమం. అటువంటి అవకాశం ఎక్కడ దొరుకుతుందా అని ఆమె ఆలోచిస్తూ ఉండగానే, అది తనంత తానుగా కార్యాలయం మెట్లెక్కి వచ్చింది. దానిని తీసుకొచ్చినవాడు అంజిబాబు.

రాజోలు వైపు అంజిబాబు పేరు తెలియని ఇల్లు అరుదు. ఒకప్పుడు అతడు వీసా ఏజెంటు. లంక గ్రామాల నుంచీ, సముద్రపు ఒడ్డు నుంచీ ఎందరో ఆడవాళ్ళను వంటపనికి కువైట్, మస్కట్ పంపించాడు. కొందరు నాలుగు రాళ్ళు సంపాదించుకుని ఇల్లు కట్టుకున్నారు. కొందరు చెప్పిన జీతం చేతికందక, వెళ్ళినప్పటి చీరతోనే తిరిగివచ్చారు. అప్పట్లో అతని గేటు మీద పేడ నీళ్ళు కుమ్మరించినవారున్నారు. ఏమైందో ఏమో, ఆ వ్యాపారం మానివేశాడు. మెడలో తులసిమాల పడింది. గల్ఫు నుంచి వట్టి చేతులతో వచ్చి ఇంటి గడప తొక్కలేని ఆడవాళ్ళు నిలదొక్కుకునే వరకు ఉండేందుకు, ఒక అద్దె ఇంట్లో ఆశ్రయం నడుపుతున్నాడు. ఎందుకు మారాడో అతడు ఎవరితోనూ చెప్పలేదు. అందువల్ల ఎవరికి తోచిన కారణం వారు చెప్పుకునేవారు. వాటిలో ఒక్కటీ మంచిది కాదు.

అతని వెనుక వచ్చిన వృద్ధురాలు అచ్చాయమ్మ. అంజిబాబు ఆమెను కుర్చీలో కూర్చోబెట్టి, ఫ్యాను ఆమె వైపు తిప్పి, తాను నిలబడే మాట్లాడాడు.

"ఈవిడ అచ్చాయమ్మ గారండి. ఇంటెనకాల కొబ్బరితోట, అందులో ఉన్న పెంకుటిల్లూ మా ట్రస్టుకి ఇస్తానంటున్నారండి. మేవున్న అద్దిల్లు గలాయన అమ్మేసుకుంటాడంటండి. వచ్చే నెల దాటితే ఆడవాళ్ళని ఎక్కడ పెట్టాలో తెలీదండి. కాస్త తొందరగా కానిచ్చెయ్యండి మేడమ్ గారూ."

శిరీష మనసులో గుర్తు పెట్టుకుంది. దాతను వెంటబెట్టుకొని వచ్చినవాడు పుచ్చుకునేవాడు. ఆమె బదులు నోరు విప్పినవాడూ అతడే. తొందరపెడుతున్నవాడూ అతడే. పాఠంలో చెప్పిన లక్షణాలన్నీ ఒక్క మనిషిలోనే కనిపిస్తున్నాయి.

"ఆవిడని నేను విడిగా కలవాలండి," అన్నది.

"కలవండి, కలవండి," అన్నాడు అంజిబాబు. ఆ ఒప్పుకోలు కూడా శిరీషకు మరీ సులువుగా వచ్చినట్టు తోచింది.

ఆ వారంలోనే ఆమె రాజోలు దాకా బస్సులోను, అక్కడి నుంచి ఆటోలోను వెళ్ళింది. కాలువ గట్టున చిన్న డాబా ఇల్లు. వెనుక తలుపు బార్లా తెరిచి ఉంది. దానికి అవతల చల్లగా, ఒత్తుగా తోట. అచ్చాయమ్మ ఆనందంగా లోపలికి పిలిచి, అప్పుడే కొట్టిన బోండం చేతిలో పెట్టింది.

"ఎవరూ లేకుండా మీతో మాట్లాడాలని వచ్చేను మామ్మగారూ."

"ఎవరూ లేకుండానంటే ఆ కోడిపెట్టని కూడా బయటికి పంపమంటావా?"

శిరీష నవ్వి, తన పని మొదలుపెట్టింది. అచ్చాయమ్మకు పిల్లలు లేరు. భర్త చిన్న వయసులోనే పోయాడు. చాలా ఏళ్ళు కువైట్‌లో వంట చేసింది. తోట ఆ కష్టంతోనే కొన్నది. ఉంటున్న ఇల్లు ఇవ్వడం లేదు. బ్యాంకులో వేసుకున్న సొమ్ము మీద వడ్డీ వస్తుంది. తోట ఇచ్చివేసినా ఆమె తిండికీ, మందులకూ లోటు రాదని శిరీష లెక్క చూసి నిశ్చయించుకుంది. ఇక అసలు ప్రశ్న.

"తోట ఇవ్వడం మీకు నిజంగా ఇష్టమేనా అండి?"

"ఇష్టం లేకపోతే ఈ మోకాళ్ళతో మీ మెట్లెక్కుతానా తల్లీ? ఇస్తాను. అతనికే ఇస్తాను."

"కొన్నాళ్ళు పోయాక మళ్ళీ వచ్చి ఇదే అడుగుతానండి. ఏమీ అనుకోకండి. మా పద్ధతి అది."

"కువైట్‌లో మా మేడమూ నీలాంటిదే. కూరలో ఉప్పేసేవా అని ఒకసారి అడిగేది. కాసేపాగి వచ్చి, వేసేవా అని మళ్ళీ అడిగేది. నాకే అనుమానమొచ్చి ఇంకోసారి వేసేసేదాన్ని. ఆ కూర తినలేక ఆవిడే ఏడ్చేది."

శిరీష గొంతు తగ్గించింది. "అంజిబాబు గారి గురించి బయట చాలా అంటున్నారు మామ్మగారూ."

"నాకు తెలీకుండా ఏమంటారు? నన్ను పంపించింది ఆ మనిషే."

"మిమ్మల్ని మోసం చేసేడా అండి?"

 కొబ్బరి మట్టనుంచి ఈనె చీలుస్తున్న అచ్చాయమ్మ చేయి ఆగింది. "మొదటింట్లో జీతం ఇవ్వలేదు. ఇతనికి ఫోను చేస్తే ఎత్తలేదు. ఆ ఇంట్లోంచి బయటపడి వట్టి చేతుల్తో వచ్చేసేను. మళ్ళీ వెళ్ళి, ఇంకో ఇల్లు నేనే వెతుక్కున్నాను. అంతే."

"అటువంటివాడికా ఇస్తున్నారు!"

"ఎటువంటివాడికివ్వాలో నాకొదిలెయ్యమ్మా. బోండం తాగు, వేడెక్కిపోతుంది."

తిరుగు బస్సులో శిరీషకు, నన్ను పంపించింది ఆ మనిషే అన్న ఒక్క మాటే చెవిలో మోగింది. మోసపోయిన మనిషి, మోసగించినవాడి చేతిలోనే తన కష్టార్జితం పెడుతున్నది. లోకంలో ఇది ఊరికే జరిగే పని కాదు. అతని చేతిలో ఈమెకు సంబంధించినది ఏదో ఉండి ఉండాలి. పరాయి దేశంలో జరిగినది, బయటపడితే తలవంపులు తెచ్చేది ఏదో. శిరీష ఊహ ఒకదాని వెంట ఒకటిగా మెట్లు కట్టుకుంటూ పోయింది. ప్రతి మెట్టూ అంతకు ముందరి దానికంటె గట్టిగానే కనిపించింది.

తొలి ఏకాదశి వెళ్ళిన కొన్నాళ్ళకు ఆమె మళ్ళీ ఆ ఊరు వెళ్ళింది. ముందుగా కబురు చేయలేదు.

సందు మొదట్లోనే ఆగిపోవలసి వచ్చింది. అచ్చాయమ్మ తోటలో దింపు జరుగుతోంది. చెట్ల మీది నుంచి గెలలు దబదబా పడుతున్నాయి. కింద కాయలు పోగు చేసి, ట్రస్టు పేరు రాసిన ట్రాలీ ఆటోలోకి ఎత్తుతున్నారు. పక్కన నిలబడి పని చేయిస్తున్నవాడు అంజిబాబు. కాగితం ఇంకా రాయలేదు. సంతకం ఇంకా పడలేదు. తోట ఈనాటికీ అచ్చాయమ్మది. కాయలు మాత్రం అంజిబాబు ఆటోలో!

ఇంట్లోకి వెళ్ళేసరికి వెనుక తలుపు మూసి ఉంది. మూయడమే కాదు, దానికి అడ్డంగా బియ్యపు డబ్బా జరిపి ఉంది. గాలి లేక వంటగది ఉడికిపోతోంది. పచ్చడికి కొబ్బరి కోరుతున్న అచ్చాయమ్మ పక్కన, కొట్టు వాళ్ళ ప్లాస్టిక్ సంచి.

"ఇదేంటి మామ్మగారూ! ఇంటెనకాల తోటెట్టుకుని కాయ కొట్లో కొంటున్నారా?"

"కొనుక్కుంటే తప్పేముంది? అందరూ కొనుక్కోట్లేదూ."

"ఆ తలుపెందుకు మూసేరండి? ఇంత ఉక్కపోస్తుంటే?"

"అటేపు నాకు పనేముంది?"

శిరీష పీట లాక్కుని దగ్గరగా కూర్చున్నది. "పోయినసారి అడిగిందే మళ్ళీ అడుగుతున్నానండి. తోట ఇవ్వడం మీకు ఇష్టమేనా?"

అచ్చాయమ్మ ముఖం పాలిపోయింది.  తోటలోంచి అంజిబాబు కేక ఒకటి వినబడితే ఉలికిపడి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఆ మాటెత్తకమ్మా. ఇంకెప్పుడూ ఎత్తకు."

"ఎవరైనా ఏమైనా అన్నారా అండి? భయపడకండి, నాతో చెప్పండి."

"నన్నెవరేమంటారు? ఇంక వెళ్ళు తల్లీ. బస్సు దాటిపోద్ది."

ఈసారి బోండం లేదు. మంచినీళ్ళు తాగమన్న మాట కూడా లేదు.

మరునాడు శిరీష చెప్పినదంతా విని రాజేంద్ర గారు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. "నోరు మూతపడింది. తన తోటకి తానే పరాయిదైపోయింది. ఇంకేం కావాలండి? కాగితాలు ఆపేయండి. అతన్ని పిలవండి."

అంజిబాబు వచ్చాడు. కుర్చీ చూపించినా కూర్చోలేదు.

"దస్తావేజు కాకుండా కాయలెలా దింపేరండీ?" అని సూటిగా అడిగారు రాజేంద్ర గారు.

"ఆవిడే దింపుకోమన్నారండి. కాయ ముదిరి రాలిపోతోంది, నాది కాని కాయ నా పెరట్లో పడితే నాకు పాపమని కబురెట్టేరండి."

"ఆవిడది కాకుండా ఎప్పుడు పోయింది?"

అంజిబాబు తులసిమాలను వేళ్ళతో తడుముకున్నాడు. "తొలి ఏకాదశినాడు ధారపోసేసేరండి. సంకల్పం చెప్పుకుని, నీళ్ళు నా చేతిలో వదిలేరండి."

శిరీషకు రక్తం మరిగింది. ఇన్నాళ్ళూ వెతుకుతున్న తాడు ఇప్పుడు కంటికి కనిపించినట్టయింది. ఇతడు ఆమెను చట్టంతో కాక, ఆమె భక్తితోనే కట్టివేశాడన్నమాట! మనసు మారే సందు లేకుండా, దస్తావేజుకు ముందే దేవుణ్ణి సాక్షిగా నిలబెట్టాడన్నమాట!

"నీళ్ళు పోస్తే తోట మీదైపోదండి. రిజిస్ట్రేషను అయ్యేదాకా అది ఆవిడదే. ఆ సంగతి మీకు బాగా తెలుసు. అందుకే ముందు నీళ్ళు పోయించుకున్నారు."

"నేను పోయమన్లేదండి."

"మరి ఆ మాట ఆవిడ నాతో ఎందుకు చెప్పలేదు?"

"పుచ్చుకున్నవాణ్ణి, నేనేం చెప్పినా నా లాభానికే చెప్పేనంటారండి."

"నిజమే. అంటాం," అన్నారు రాజేంద్ర గారు.

అంజిబాబు తల వంచుకున్నాడు. "నేను మంచోణ్ణని చెప్పుకోట్లేదండి. నేనేం చేసేనో నాకు తెలుసు. నన్నెంత అనుమానించినా సరేనండి, పడతాను. ఆవిణ్ణి మాత్రం ఇంకోసారి అడక్కండి. చేతులెత్తి దణ్ణం పెడతాను."

అతడు దణ్ణం పెట్టి మెట్లు దిగి వెళ్ళిపోయాడు. అతడు చెప్పిన వాటన్నిటిలోనూ మిక్కిలి అనుమానించవలసినది ఆ చివరి మాటేనని ఇద్దరికీ తోచింది.

"అడగొద్దన్నాడు గనక తప్పకుండా అడగాలి," అన్నారు రాజేంద్ర గారు. "వెళ్ళిరండి."

శిరీష వెళ్ళేసరికి అచ్చాయమ్మ దేవుడి దగ్గర వత్తులు చేసుకుంటోంది. ఈసారి శిరీష ఉపోద్ఘాతం లేకుండా, గుమ్మం దాటుతూనే అన్నది.

"కాగితాలు ఆపేసేను మామ్మగారూ. మిమ్మల్నెవరూ ఏమీ చెయ్యలేరు. ఇంక భయపడక్కర్లేదు."

వత్తి చేతిలోంచి జారిపోయింది. అచ్చాయమ్మ గోడ పట్టుకుని లేచింది. "ఆపేసేవా? ఎవరు ఆపమన్నారు నిన్ను?"

"మీ మేలుకేనండి..."

"నా మేలుకా! ఏమ్మా, నీకు నేనేం అపకారం చేసేను? నా చేత ఎందుకింత పాపం చేయిస్తావు?"

శిరీష నివ్వెరపోయింది. ఆమె ఎదురుచూచినది కన్నీళ్ళు. వచ్చినది కోపం.

"ఏకాదశినాడు తలారా స్నానం చేసేను. తులసాకేసిన నీళ్ళు అతని చేతిలో వదిలేను. ఇది ఇంక నాది కాదు అన్నాను. మూడు నెలలు ఆలోచించుకుని, ఎవరూ అడక్కుండా అన్నాను. ఆ తరవాత నువ్వొచ్చి, ఇస్తారా అండీ అని అడుగుతావు. ఇస్తానంటే, అప్పటిదాకా నా దగ్గరే అట్టేపెట్టుకున్నట్టు. ఇవ్వనంటే, ఇచ్చింది లాక్కున్నట్టు. ఏ జవాబు చెప్పనమ్మా? నువ్వే చెప్పు. చదువుకున్నదానివి."

ఇచ్చినదానిని తిరిగి తీసుకోవడం దొంగతనం కంటె నీచమని నమ్మే ఇళ్ళలో పుట్టి పెరిగినదే శిరీష. దానమిచ్చిన ఆవు ఎదురైతే దాని పాలవైపు చూడకుండా తప్పుకుపోయిన నాయనమ్మను ఎరిగినదే. మూసిన తలుపూ, అడ్డం జరిపిన డబ్బా, కొట్లో కొన్న కాయా, అన్నీ ఆమె ఎరిగిన సంగతులే. వాటిని ఈ ఇంట్లో చూచినప్పుడు మాత్రం పాఠంలో చెప్పిన లక్షణాలుగానే కనిపించాయి.

అయినా ఆమె తగ్గలేదు. "ఆ మాటొక్కటి మొన్ననే చెప్పి ఉంటే సరిపోయేది కదండీ!"

"ఇచ్చేను, ఇచ్చేను అని చెప్పుకుంటే ఇంకేం మిగిలిందమ్మా అందులో? ఇప్పుడు నా చేత అదీ చెప్పించేవు."

"చెప్పకపోతే నాకెలా తెలుస్తుందండి? మిమ్మల్ని మోసం చేసినవాడు మీ తోటలో కాయలు దింపుకుంటుంటే, చూసి ఊరుకోమంటారా? దానం చేసేటప్పుడు పాత్రత చూడొద్దూ?"

అచ్చాయమ్మ కూర్చున్నది. కోపం తగ్గి, అలసట మిగిలింది.

"చూసేను తల్లీ. మంచివాళ్ళు చాలామందే ఉన్నారు. వాళ్ళకి ఆ దారి తెలీదు. అక్కణ్ణుంచి వట్టి చేతుల్తో వచ్చిన ఆడది రావులపాలెంలో బస్సు దిగి, ఊళ్ళోకెళ్ళే బస్సెక్కలేక, అరటి లారీల మధ్య ఎక్కడ నిలబడిపోతుందో నీకు తెలుసా? నాకు తెలుసు, మొదటిసారి తిరిగొచ్చినప్పుడు నేనూ నిలబడ్డాను గనక. అతనికి తెలుసు, పంపించినవాడు గనక. ఇప్పుడు వెళ్ళి వాళ్ళని తీసుకొస్తున్నాడు. ఇంకెవరు వెళ్తున్నారు?"

"మళ్ళీ మోసం చేస్తే?"

"చేస్తే దేవుడున్నాడు, అతనున్నాడు. ఇచ్చినచోట నేను కాపలా కూర్చోను." జారిపడిన వత్తి తీసుకుంటూ, చిన్న గొంతుతో అన్నది. "కాగితం అవ్వకుండా నేను పోయేననుకో, మావాళ్ళెవరో వచ్చి తోట పంచుకుంటారు. అప్పుడు నేను ఇచ్చి లాక్కున్నదాన్నే అవుతాను కదమ్మా."

అప్పటిదాకా శిరీష ఆ తోటను అచ్చాయమ్మ చేతిలోంచి జారిపోకుండా కాపాడుతున్నాననుకుంది. జారవలసిన చేతిలో అది చిక్కుకుపోయి ఉన్నదని అప్పుడు గ్రహించింది.

దస్తావేజు తానే దగ్గర కూర్చుని రాయించింది. "ఇస్తున్నాను అని ఒక్క ముక్క రాస్తే సరిపోద్ది కదండీ, ఈ ఏకాదశి గొడవంతా ఎందుకు?" అని లేఖరి విసుక్కున్నాడు. శిరీష వినలేదు. ఏకాదశినాడు సంకల్పపూర్వకంగా ధారపోసిన తోటను, ఆ సంకల్పం ప్రకారమే, ఈ పత్రమూలంగా ట్రస్టుకు దఖలు పరచడమైనదని రాయించింది. రాజేంద్ర గారు ఆ వాక్యాన్ని పలుమార్లు చదివి, చట్టానికి లోటు లేదని తేల్చుకుని తల ఊపారు.

"ఆవిడ సంగతి సరేనండి. అతని సంగతి?"

"అతని మీద అనుమానం పోలేదండి."

"నాకూ పోలేదు," అన్నారు ఆయన.

రాజోలులో రిజిస్ట్రారు కార్యాలయం ఆ రోజు కిక్కిరిసి ఉంది. అచ్చాయమ్మ వంతు వచ్చింది. రిజిస్ట్రారు గారు పత్రం తిరగేసి, అందరినీ అడిగేదే ఆమెనూ అడిగారు.

"ఈ ఆస్తి మీ ఇష్టప్రకారం ఇస్తున్నారా అమ్మా?"

అచ్చాయమ్మ పెదవి కదపలేదు. చూపు నేల మీదికి దించుకుంది.

"వినబడిందా అమ్మా? ఇస్తున్నారా?"

ఆమె తల ఎత్తలేదు. వెనుక వరుసలో గుసగుసలు మొదలయ్యాయి. "అంజిబాబు గదా, అంతేలే," అని ఎవరో అన్నారు. అంజిబాబు ముఖం మీద చెమట పట్టింది. రిజిస్ట్రారు గారు పెన్ను కింద పెట్టి అతనివైపు కటువుగా చూచారు. "బలవంతమేమైనా ఉంటే ఇప్పుడే చెప్పండమ్మా. ఇది ఇక్కడితో ఆపేస్తాను."

కాగితం మీద ఎంత జాగ్రత్తపడినా, నోటి ప్రశ్న ఉంటుందన్న సంగతి శిరీషకు స్ఫురించలేదు. జవాబు తాను అందించకూడదు. అందిస్తే, పక్కనున్నవారు చెప్పించినట్టే అవుతుంది. ఆమె రెండు చేతులూ జోడించింది.

"అయ్యా, ముందు పుచ్చుకున్నాయన్ని అడగండి. ఆ తరవాత ఆవిణ్ణి అడుగుదురు గాని."

రిజిస్ట్రారు గారికి ఆ వరస వింతగా తోచింది. అయినా ముఖం తిప్పి అడిగారు. "ఏమయ్యా, నువ్వేం పుచ్చుకున్నావు?"

"తోటండి. పెంకుటిల్లండి. ట్రస్టు కోసం పుచ్చుకున్నానండి."

"ఎవరి దగ్గర?"

"అచ్చాయమ్మ గారి దగ్గరండి. తొలి ఏకాదశినాడండి."

"అమ్మా, ఇతను చెప్పింది నిజమేనా?"

అచ్చాయమ్మ తల ఎత్తింది. గొంతు గది చివరి దాకా వినిపించింది.

"ఆయ్, నిజమేనండి."

"ఇందులో రాసిందంతా మీకు సమ్మతమేనా? ఎవరి బలవంతమూ లేదు కదా?"

"ఎవరి బలవంతమూ లేదండి. అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు. రాసిందంతా సమ్మతమేనండి."

రిజిస్ట్రారు గారు పెన్ను తీసుకున్నారు. అచ్చాయమ్మ వేలిముద్ర వేసి, సంతకం చేసి, చీర కుచ్చెళ్ళు సర్దుకుని బయటికి నడిచింది. మెట్ల కింద ట్రస్టు ఆటో నిలబెట్టి ఉంది. అంజిబాబు ఎక్కమని చేయి చాపాడు.

"ట్రస్టు ఆటో నేనెక్కను బాబూ," అని చెప్పి, ఆమె బస్సు స్టాండు వైపు మెల్లగా వెళ్ళిపోయింది.

శిరీష, అంజిబాబు మెట్ల దగ్గర మిగిలారు.

"ప్రతి దింపుకీ వస్తానండి," అన్నది శిరీష. "కాయలెక్కడికెళ్తున్నాయో చూస్తాను. ఆ ఇంట్లో ఎవరుంటున్నారో, ఏం తింటున్నారో చూస్తాను."

"కాపలా వద్దని ఆవిడ నాతోనూ అన్నారండి."

"ఆవిడ వద్దన్నది ఆవిడకి. నాకు కాదు."

"అలాగే రండి మేడమ్ గారూ. ఏ రోజొస్తారో ఒక్క మాట ముందు చెప్తే, భోజనం అక్కడే..."

"చెప్పనండి."

అంజిబాబు తులసిమాల సర్దుకున్నాడు. అతని ముఖాన కనిపించినది ఊరటో, బెరుకో, పాత వ్యాపారంలో అలవడిన ఓర్పో శిరీషకు తేలలేదు. అతడు దస్తావేజు రసీదు భద్రంగా జేబులో పెట్టుకుని, ఆటో ఎక్కి వెళ్ళిపోయాడు.

ఎదుట రోడ్డు మీద అమలాపురం బస్సు వచ్చి ఆగింది. కండక్టరు కేక వేశాడు. శిరీష బస్సు వైపు ఒక అడుగు వేసి, నిలిచిపోయింది. ట్రస్టు ఆటో ఇంకా మలుపు తిరగలేదు. అటువైపే వెళ్తున్న మరొక ఆటోకు ఆమె చేయెత్తింది.

"ఎక్కడికండీ?" అని అడిగాడు డ్రైవరు.

"ముందు ఆ ఆటో ఎటెళ్తే అటు పోనివ్వండి," అన్నది శిరీష, లోపలికి జరిగి కూర్చుంటూ.